మరొకరి చేతులతో చేయించే ప్రయోగం: జీవ, రసాయన శాస్త్రాల ప్లానింగ్ పేపరుకు సిద్ధమయ్యే తీరు

హైదరాబాదులో కేంబ్రిడ్జి ఇంటర్నేషనల్ ఏ లెవెల్ చదువుతూ, సెలవులకు నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలోని ఇళ్లకు వచ్చే పిల్లలు కొందరు ఏటా నా దగ్గరికి వస్తుంటారు. థియరీకి భయం లేదని, ల్యాబులో చేసే మూడో పేపరుకూ భయం లేదని, ఐదో పేపరు దగ్గరే మార్కులు పోతున్నాయని వారిలో చాలామంది చెబుతారు. జీవశాస్త్రం కోడు 9700, రసాయనశాస్త్రం కోడు 9701. రెండింటిలోనూ ఐదో పేపరు పేరు ప్లానింగ్, అనాలిసిస్ అండ్ ఇవాల్యుయేషన్. వ్యవధి గంటా పదిహేను నిమిషాలు, మార్కులు 30, మొత్తం ఏ లెవెల్‌లో దాని వాటా 11.5 శాతం. పరీక్ష హాలులో బ్యూరెట్టు ఉండదు, మైక్రోస్కోపు ఉండదు. కాగితం మీద ఒక సమస్య ఇచ్చి, దానికి ప్రయోగం ఎలా చేయాలో రాయమంటారు. ఎవరో చేసిన ప్రయోగం తాలూకు అంకెలు ఇచ్చి, వాటిని లెక్కించి, గ్రాఫు గీసి, ఎంతవరకు నమ్మవచ్చో తేల్చమంటారు.

మన ఇంటర్మీడియట్ ప్రాక్టికల్స్‌కు అలవాటు పడిన అన్నలూ అక్కలూ ఇంట్లో ఉంటే వారి సలహా ఇక్కడ కొంత దారి తప్పిస్తుంది. ద్వితీయ సంవత్సరంలో ఒక్కో సబ్జెక్టు ప్రాక్టికల్‌కు 30 మార్కులుంటాయి కాబట్టి రెండూ ఒకటేనని అనిపిస్తుంది. కానీ అక్కడ సాల్ట్ అనాలిసిస్‌కు, టైట్రేషన్‌కు నిర్ణీతమైన విధానం ఉంటుంది, రికార్డు ఉంటుంది, చేతి నేర్పు చూస్తారు. ఇక్కడ ఇచ్చే సమస్యను విద్యార్థి అంతకు ముందు ఎన్నడూ చూసి ఉండడు. కంఠస్థం చేసిన విధానాన్ని తెచ్చి అతికించబోతే అది సరిగ్గా అతకదు, పరీక్షకుడికి ఆ అతుకు మొదటి పేరాలోనే కనబడుతుంది.

నేను ఈ పేపరుకు పిల్లలను తయారుచేసేటప్పుడు పాటించే పరీక్ష ఒక్కటే. విద్యార్థి రాసిన ప్లానును సైన్సుతో సంబంధం లేని ఒక మనిషికి ఇచ్చి, చదివి ఆ ప్రకారం చేయమంటాను. మా పక్కింట్లో బీకాం చదివే అమ్మాయి ఉండేది. ఆమెకు ఇటువంటి కాగితం ఒకటి ఇస్తే రెండు నిమిషాలలో ఏడు ప్రశ్నలు అడిగింది. “ఎన్ని నీళ్లు పొయ్యాలె? వేడియా, సల్లయా? ఎంతసేపు ఆగాలె? గింజలు ఎన్ని? అన్నీ ఒకే డబ్బాలోనా?” అంటూ ఆమె అడిగిన ప్రతి ప్రశ్న ఒక మార్కు. రాసినవాడు మాత్రం అవన్నీ తెలిసిన విషయాలే కదా అన్నాడు. అతని మనసులో ఉన్నాయి, కాగితం మీద లేవు. మంచి ప్లాను అంటే రాసినవాడు పక్కన లేకపోయినా, మరొకరి చేతులు ఆగకుండా చేసుకుపోగలిగినది.

మాటల సంగతి

తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో జవాబు రాసే పిల్లలకు ప్రత్యేకంగా ఒక చిక్కు ఉంది. ‘పరిమాణం’ అన్న మాటను మనం సైజుకు, ఘనపరిమాణానికి, ద్రవ్యరాశికి, సంఖ్యకు కూడా వాడుకుంటాం. ఆ అలవాటే పరీక్షలో ‘అమౌంట్’ అన్న మాటగా బయటపడుతుంది. ‘ఎంజైమ్ అమౌంట్‌ను సమానంగా ఉంచాలి’ అని రాస్తే మార్కు రాదు. ఎంజైమ్ ద్రావణం ఘనపరిమాణమా, గాఢతా, లేక రెండూనా అన్నది చెప్పాలి. ‘వేడి’ కూడా అటువంటిదే. మన వాడుకలో అది ఉష్ణమూ అవుతుంది, ఉష్ణోగ్రతా అవుతుంది. ‘పరిస్థితులన్నీ ఒకేలా ఉంచాలి’ అన్న వాక్యం వినడానికి బాగుంటుంది గాని దానికి విలువ లేదు. ఏ పరిస్థితి, ఏ విలువ వద్ద, ఏ పరికరంతో ఉంచుతారో ఈ మూడూ ఉన్నప్పుడే అది ప్లానులో భాగం అవుతుంది. ‘ఉష్ణోగ్రతను 30 డిగ్రీల సెల్సియస్ వద్ద, థర్మోస్టాట్ అమర్చిన వాటర్‌బాత్‌తో స్థిరంగా ఉంచి, ద్రావణాలను కలపడానికి ముందు ఐదు నిమిషాలు అందులో ఉంచాలి’ అన్నది పూర్తి వాక్యం.

జీవశాస్త్రం: పెసళ్లూ ఫ్లోరైడూ

నల్లగొండ జిల్లాలో పుట్టినవారికి ఫ్లోరైడు గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. తాగునీటిలో లీటరుకు 1.0 మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యమని, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ, చండూరు, మునుగోడు ప్రాంతాల బోరు నీళ్లు ఆ గీతను దాటిన చరిత్ర అందరికీ తెలిసిందే. కాబట్టి ప్లానింగ్ సాధనకు నేను తరచుగా ఇచ్చే ప్రశ్న ఇది: సాగునీటిలోని ఫ్లోరైడు గాఢత పెసర మొలక వేరు పెరుగుదలపై ప్రభావం చూపుతుందా?

మొదట స్వతంత్ర చరరాశిని, ఆధారిత చరరాశిని వేరు చేయాలి. ఫ్లోరైడు గాఢత మనం మార్చేది. 72 గంటల తరువాత మొదటి వేరు పొడవు, మిల్లీమీటర్లలో, మనం కొలిచేది. ‘పెరుగుదలను గమనించాలి’ అని రాసి వదిలేస్తే కొలిచేవాడికి ఏమి కొలవాలో తెలియదు. తరువాత గాఢతలు నిర్ణయించాలి. కనీసం ఐదు విలువలు, వాటి మధ్య సమానమైన దూరం ఉండాలి. 0, 2, 4, 6, 8, 10 మిల్లీగ్రాములు చాలామంది తీసుకుంటారు. అయితే ఈ గాఢతల్లో మొలక వేరుపై ఏ ప్రభావమూ కనబడకపోవచ్చు. అందువల్ల ముందుగా 0, 10, 100, 1000 వంటి దూరదూరపు విలువలతో చిన్న ట్రయల్ ప్రయోగం చేసి, ప్రభావం మొదలయ్యే చోటును గుర్తించి, అసలు ప్రయోగానికి ఆ చుట్టుపక్కల విలువలు ఎంచుకోవాలని ఒక వాక్యం రాయడం తెలివైన పని. ఇక్కడ లెక్క సులువుగా ఉండడానికి 10 వరకే తీసుకుంటున్నాను.

ద్రావణాల తయారీలోనే ఎక్కువ మంది తప్పటడుగు వేస్తారు. లీటరుకు 10 మిల్లీగ్రాముల ఫ్లోరైడు కావాలంటే సోడియం ఫ్లోరైడు ఎంత తూచాలి? దాని ఫార్ములా ద్రవ్యరాశి 42.0, అందులో ఫ్లోరిన్ వాటా 19.0; కనుక 10 × 42.0 ÷ 19.0, అంటే 22.1 మిల్లీగ్రాములు. రెండు దశాంశ స్థానాల త్రాసు మీద ఇది 0.02 గ్రాములుగా కనబడుతుంది. ఆ త్రాసులో ఒక్కో రీడింగుకు ±0.005 గ్రాముల అనిశ్చితి ఉంటుంది. ఖాళీ పాత్రతో ఒకసారి, పదార్థంతో ఒకసారి చూస్తాం కాబట్టి మొత్తం ±0.01 గ్రాము. తూచేదే 0.0221 గ్రాములైతే దోషం 45 శాతం. అంటే తూకం వేసినట్టే కాదు. అదే 2.21 గ్రాములు తూచి ఒక లీటరు వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులో ద్రావణం చేస్తే లీటరుకు 1000 మిల్లీగ్రాముల స్టాకు వస్తుంది, తూకంలో దోషం 0.45 శాతానికి దిగుతుంది. ఆ స్టాకులో 10 మిల్లీలీటర్లను పిపెట్టుతో తీసి మరో లీటరు ఫ్లాస్కులో గుర్తు వరకు నింపితే మనకు కావలసిన 10 వస్తుంది. (ప్రశ్నపత్రంలో ఘన సెంటీమీటరు, ఘన డెసీమీటరు అని ఉంటాయి; మిల్లీలీటరు, లీటరు అవే. జవాబులో మాత్రం పత్రం వాడిన ప్రమాణాన్నే వాడాలి.)

ఇక్కడి నుంచి 2 ఎలా చేస్తారని అడిగితే, 2 మిల్లీలీటర్ల ద్రావణానికి 8 మిల్లీలీటర్ల స్వేదనజలం కలపాలని వెంటనే చెబుతారు. నిష్పత్తి సరైనదే. కానీ ఒక్కో పెట్రీ డిష్‌కు 10 మిల్లీలీటర్లు పోయాలి, ఒక్కో గాఢతకు మూడు డిష్‌లు పెట్టాలి అని అదే ప్లానులో కింద రాసి ఉంటుంది. ముప్పై కావలసిన చోట పదే తయారుచేశాడన్నమాట. మరొకరి చేతులతో చేయించి చూస్తే ఈ తప్పు వెంటనే పట్టుబడుతుంది. రాసినవాడి కంటికి పదిసార్లు చదివినా కనబడదు. 50 మిల్లీలీటర్ల చొప్పున చేస్తే చాలు: 2 కోసం 10 మిల్లీలీటర్ల ద్రావణానికి 40 నీళ్లు, 4 కోసం 20కి 30, 6 కోసం 30కి 20, 8 కోసం 40కి 10. ఇది అనుపాత విలీనీకరణ. ఒక్కో మెట్టుకు పది రెట్లు తగ్గించుకుంటూ, ప్రతి మెట్టులోనూ ముందు ద్రావణం నుంచి 1 మిల్లీలీటరుకు 9 నీళ్లు కలుపుకుంటూ పోయేది క్రమ విలీనీకరణ. ట్రయల్‌కు రెండోది, అసలు ప్రయోగానికి మొదటిది సరిపోతాయి. పరీక్షలో ఏది అడిగారో చూసుకోకుండా రెండోదే రాసేవారు ఎక్కువ.

నియంత్రణ ప్రయోగం గురించి చాలామంది ‘కంట్రోల్‌లో స్వేదనజలం పోయాలి’ అని రాసి ఊరుకుంటారు. అది అవసరమే. అయితే సోడియం ఫ్లోరైడు వేసినప్పుడు ఫ్లోరైడుతో పాటు సోడియం కూడా గింజకు అందుతుంది కదా. ప్రభావం ఏదైనా కనబడితే అది దేనివల్ల? లీటరుకు 22.1 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడులో ఎన్ని మోల్‌ల సోడియం ఉంటుందో అంతే సోడియం 30.8 మిల్లీగ్రాముల సోడియం క్లోరైడులో ఉంటుంది. ఆ ద్రావణంతో మరొక వరుస పెడితే సందేహం తీరుతుంది. ప్రశ్న ఏమి వేరు చేయమంటున్నదో ఆలోచించినవాడికే ఈ వాక్యం తడుతుంది. నా దృష్టిలో మొత్తం ప్లానులో విద్యార్థి స్థాయిని చూపేది ఇదే.

మిగతావి త్వరగా చెప్పుకోవచ్చు. ఒకే ప్యాకెట్టులోని, పురుగు పట్టని, దాదాపు ఒకే సైజు గింజలు డిష్‌కు 20, అడుగున ఫిల్టర్ పేపరు, 28 డిగ్రీల ఇంక్యుబేటరు, చీకటి. డిష్‌కు మూత పెట్టాలి, ఎందుకంటే నీరు ఆవిరైపోతే ద్రావణం గాఢత పెరుగుతుంది. మే నెలలో మన ఇళ్లలో మూత లేని పళ్లెం సాయంత్రానికి ఏమవుతుందో చూసినవారికి ఇది వివరించనక్కర లేదు. ఫ్లోరైడు ద్రావణాన్ని గాజులో కాక ప్లాస్టిక్ సీసాలో నిల్వ చేయాలి. సోడియం ఫ్లోరైడు విషపదార్థం కాబట్టి తొడుగులు, కళ్లద్దాలు వాడాలి. ప్రమాదం గురించి రాసేటప్పుడు ఏ పదార్థం, ఏ హాని, ఏ జాగ్రత్త అన్నవి కలిసి ఉండాలి. ‘జాగ్రత్తగా చేయాలి’ అన్నది లెక్కలోకి రాదు. ఒక్కో గాఢతకు మూడు డిష్‌లు పెట్టడం ఎందుకో కూడా రాయాలి: మిగతా వాటితో పొసగని ఫలితాన్ని గుర్తించి పక్కన పెట్టడానికి, సగటు తీయడానికి.

రసాయనశాస్త్రం: వాడపల్లి సున్నపురాయి

దామరచర్ల మండలం వాడపల్లి వైపు వెళ్లినవారికి సిమెంటు ఫ్యాక్టరీలు, సున్నపురాయి తెలిసినవే. రాయిలో కాల్షియం కార్బొనేట్ శాతాన్ని వాయువు కొలిచి కనుక్కోవడానికి ప్లాను రాయమన్నాననుకోండి. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, 100 మిల్లీలీటర్ల గ్యాస్ సిరంజిలో పట్టి కొలుస్తాం. రాయి ఎంత తీసుకోవాలి? ‘5 గ్రాములు’ అన్న జవాబును నేను కనీసం పది కాగితాలలో చూశాను. గది ఉష్ణోగ్రత, పీడనాల వద్ద ఒక మోల్ వాయువు 24 లీటర్లు ఆక్రమిస్తుంది. 5 గ్రాముల స్వచ్ఛమైన కార్బొనేట్ అంటే 0.05 మోల్, 1200 మిల్లీలీటర్ల వాయువు. ప్లంజరు ఎగిరి అవతలి గోడకు తగులుతుంది.

కనుక లెక్క వెనక నుంచి మొదలుపెట్టాలి. సిరంజి 100 పడుతుంది, 96 దాటకుండా చూసుకుందాం. 96 ÷ 24000 అంటే 0.0040 మోల్, ఫార్ములా ద్రవ్యరాశి 100.1 కనుక 0.40 గ్రాములు. రాయి మొత్తం కార్బొనేటే అయినా సిరంజి చాలుతుంది. ఆమ్లం ఎక్కువగా ఉండాలి: 0.0040 మోల్ కార్బొనేట్‌కు 0.0080 మోల్ ఆమ్లం కావాలి, లీటరుకు 1.0 మోల్ గాఢత గల ఆమ్లం 25 మిల్లీలీటర్లు పోస్తే 0.025 మోల్ ఉంటుంది. ‘ఎక్కువ ఆమ్లం’ అని రాయడం కంటే ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టడం మేలు. రాయిని పొడి చేయాలి. ఆమ్లం ఫ్లాస్కులో, పొడి చిన్న గొట్టంలో నిలబెట్టి, బిరడా బిగించిన తరువాతే ఫ్లాస్కును వంచి కలపాలి. ముందే కలిపితే బిరడా పెట్టేలోపు కొంత వాయువు పోతుంది.

ఇప్పుడు 84 మిల్లీలీటర్ల వాయువు వచ్చిందనుకుందాం. 84 ÷ 24000 అంటే 0.0035 మోల్, 0.350 గ్రాముల కార్బొనేట్, 0.40లో అది 87.6 శాతం. ఇక్కడితో ఆపితే సగం మార్కులే. ఈ అంకె నిజం కంటే తక్కువా, ఎక్కువా? కార్బన్ డయాక్సైడ్ కొంత నీటిలో కరుగుతుంది కనుక కొలిచిన ఘనపరిమాణం తగ్గుతుంది, శాతం తక్కువగా తేలుతుంది. రాయిలో మెగ్నీషియం కార్బొనేట్ కూడా ఉంటే అదీ వాయువు ఇస్తుంది, అప్పుడు శాతం ఎక్కువగా తేలవచ్చు. దోషం ఏ దిశలో లాగుతున్నదో చెప్పని మూల్యాంకనానికి విలువ లేదు. ‘ప్రయోగం చేసిన వ్యక్తి పొరపాటు’ అని రాయడం మరీ దండగ.

తరువాతి ప్రశ్న, ఏ పరికరాన్ని మెరుగుపరచాలి? సిరంజిపై 1 మిల్లీలీటరు గీతలుంటే అనిశ్చితి ±0.5, 84కు అది 0.6 శాతం. త్రాసు ±0.01 గ్రాము, 0.40కు అది 2.5 శాతం. కాబట్టి సిరంజిని మార్చి ప్రయోజనం లేదు, త్రాసును మార్చాలి: మూడు దశాంశాల త్రాసుతో దోషం 0.25 శాతానికి వస్తుంది. రాయి ఎక్కువ తూచవచ్చు కదా అంటే, సిరంజి ఒప్పుకోదు. ఎక్కువ తూచాలంటే పద్ధతినే మార్చాలి. 1.00 గ్రాము రాయిని లీటరుకు 1.00 మోల్ గాఢత గల ఆమ్లం 50.0 మిల్లీలీటర్లలో కరిగించి, వడపోసి, కడిగిన నీళ్లతో సహా 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులోకి చేర్చి, గుర్తు వరకు నింపి, అందులో 25.0 మిల్లీలీటర్ల చొప్పున తీసి లీటరుకు 0.100 మోల్ గాఢత గల సోడియం హైడ్రాక్సైడుతో టైట్రేట్ చేస్తే మిగిలిన ఆమ్లం తెలుస్తుంది. మన రాయికి సుమారు 32.5 మిల్లీలీటర్లు ఖర్చవుతుంది. బ్యూరెట్టులో ఒక్కో రీడింగుకు ±0.05, మొదలు, చివర కలిపి ±0.10, అంటే 0.3 శాతం. ఇలా ఒక దోషం తగ్గించబోతే మరొక హద్దు అడ్డుపడటం, దాన్ని దాటడానికి పద్ధతి మార్చడం అన్న ఆలోచన కోసమే ఈ పేపరు పెట్టారని నాకు అనిపిస్తుంది.

ప్రామాణిక ద్రావణం తయారీ గురించి ఒక్క హెచ్చరిక. లీటరుకు 0.0500 మోల్ గాఢత గల ఆక్సాలిక్ ఆమ్లం 250 మిల్లీలీటర్లు కావాలంటే స్ఫటిక జలంతో కలిపి ఫార్ములా ద్రవ్యరాశి 126 కాబట్టి 1.575 గ్రాములు తూచాలి. దానికి ‘250 మిల్లీలీటర్ల నీళ్లు కలపాలి’ అని రాయకూడదు. బీకరులో కొద్ది స్వేదనజలంలో కరిగించి, గరాటు ద్వారా వాల్యుమెట్రిక్ ఫ్లాస్కులోకి పోసి, బీకరును, గాజుకడ్డీని, గరాటును కడిగిన నీళ్లు కూడా అందులోనే చేర్చి, ద్రవం పుటాకార తలం అడుగు గుర్తును తాకేవరకు నింపి, మూత పెట్టి పలుమార్లు తలకిందులు చేయాలి. కడిగిన నీళ్లు, తలకిందులు చేయడం అన్న రెండు మాటలు మరచినవారే ఎక్కువ.

అంకెలు, గ్రాఫులు, గణాంకాలు

గ్రాఫు విషయంలో పెద్దగా చెప్పవలసింది లేదు. అడ్డ అక్షం మీద మనం మార్చినది, నిలువు అక్షం మీద కొలిచినది, ప్రమాణాలు, సగం కంటే ఎక్కువ కాగితాన్ని ఆక్రమించే స్కేలు, సన్నటి పెన్సిలుతో చిన్న గుణకార గుర్తులు. వాలు కనుక్కోవడానికి పట్టికలోని బిందువులు తీసుకోకూడదు, గీసిన గీత మీద దూరదూరంగా ఉన్న రెండు బిందువులను తీసుకొని, వాటి నిరూపకాలను రాసి చూపాలి. గీతను బలవంతంగా మూల బిందువు గుండా లాగకూడదు.

గణాంకాలు జీవశాస్త్రంలో భయపెట్టే భాగం, నిజానికి మార్కులు తేలికగా వచ్చే భాగం. టీ-టెస్ట్, కై-స్క్వేర్, స్పియర్‌మన్, పియర్సన్ సహసంబంధాలు, జీవవైవిధ్యాన్ని కొలిచే సింప్సన్ సూచిక, వీటిలో ఏది ఎప్పుడు వాడాలో తెలిస్తే చాలు. రెండు సగటులను పోల్చేటప్పుడు టీ-టెస్ట్. లెక్కించిన సంఖ్యలను అనుకున్న నిష్పత్తితో పోల్చేటప్పుడు కై-స్క్వేర్. రెండు కొలతలు కలిసి పెరుగుతున్నాయా అని చూసేటప్పుడు సహసంబంధం.

ఇంటి ముందు వేపచెట్టుతో ఇది నేర్చుకోవచ్చు. ఎండ తగిలే కొమ్మల నుంచి పది ఆకులు, నీడలోని కొమ్మల నుంచి పది ఆకులు తీసి, అడుగుభాగాన గోళ్ల రంగు పూసి, ఆరాక టేపుతో లాగి, మైక్రోస్కోపులో పత్రరంధ్రాలు లెక్కపెట్టాలి. దృశ్యక్షేత్రం వ్యాసం 0.45 మిల్లీమీటరైతే వైశాల్యం 0.159 చదరపు మిల్లీమీటర్లు. 24 రంధ్రాలు కనబడితే చదరపు మిల్లీమీటరుకు 151. ఎండాకుల సగటు 151, నీడాకుల సగటు 128, రెండింటికీ ప్రామాణిక విచలనం 9.5 వచ్చిందనుకుందాం. పది ఆకులకు ప్రామాణిక దోషం 9.5ను 10 వర్గమూలంతో భాగిస్తే 3.0. దానికి రెండింతలు అటూ ఇటూ వేస్తే 95 శాతం విశ్వాస అంతరాలు 145 నుంచి 157, 122 నుంచి 134. అవి ఒకదానిపై ఒకటి పడటం లేదు. టీ విలువ కోసం సగటుల తేడా 23ను, రెండు ప్రామాణిక దోషాల వర్గాల మొత్తానికి వర్గమూలమైన 4.24తో భాగిస్తే 5.4. స్వేచ్ఛాంశాలు 10 + 10 − 2, అంటే 18. 5 శాతం స్థాయిలో పట్టిక విలువ 2.10. మనది ఎక్కువ కాబట్టి, రెండు సగటుల మధ్య తేడా లేదన్న శూన్య పరికల్పనను తిరస్కరిస్తాం. ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా వచ్చే సంభావ్యత 5 శాతం కంటే తక్కువ అని రాయాలి. ‘నిరూపితమైంది’ అని రాయకూడదు.

ఒకే ఆకు మీద పది చోట్ల లెక్కపెట్టి పది శాంపిళ్లు అనుకునే విద్యార్థులు ఉంటారు. అది ఒక ఆకు కథ మాత్రమే. ఆ మాటకొస్తే పై ప్రయోగం కూడా ఒక వేపచెట్టు కథే. ఇంకా చెట్లు చూడాలని మూల్యాంకనంలో రాస్తే మంచిది. మహబూబ్‌నగర్ పిల్లలు దీనికోసం పిల్లలమర్రి ఆకులు కోయాలని ఉత్సాహపడతారు. ఆ మహావృక్షాన్ని వదిలేసి వీధిలోని వేపతోనే సరిపెట్టుకోవాలి.

ఇంట్లో సాధన

చేతితో చేయని ప్రయోగాన్ని కాగితం మీద చేయించడం కష్టం. సెలవుల్లో ల్యాబు దొరకదు, కానీ బత్తాయి దొరుకుతుంది. మెడికల్ షాపులో సూది లేని 5 మిల్లీలీటర్ల సిరంజి, పొవిడోన్ అయోడిన్ ద్రావణం కొనుక్కొని, పలుచటి గంజిని సూచికగా వాడి, బత్తాయి రసంలోని విటమిన్ సి ఎంత అయోడిన్‌ను క్షయకరణం చేస్తుందో చూడవచ్చు. రసంలో కొన్ని చుక్కల గంజి వేసి, సిరంజితో అయోడిన్‌ను చుక్కచుక్కగా కలుపుతూ, నీలినలుపు రంగు కలిపినా పోకుండా నిలిచేసరికి ఆపాలి. తాజా పండు, వారం నిల్వ ఉన్న పండు, మరిగించిన రసం పోల్చి చూడండి. వాడిన గ్లాసులు వంటకు వాడకండి, రసం తాగకండి. మొదటిసారి మూడు కొలతలు మూడు రకాలుగా వస్తాయి, ఎందుకని వెతికితే రంగు ఎక్కడ నిలిచిందని నిర్ణయించడంలో తేడా, గుజ్జు వడపోయకపోవడం, సిరంజిలో గాలిబుడగ బయటపడతాయి. మూల్యాంకనం ప్రశ్నకు జవాబు రాయడం ఆ వెతుకులాటలోనే వస్తుంది.

మరొక సాధన ప్రశ్న కూడా మన దగ్గరిదే. నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించిన, నీటిలో పటిక, సున్నం కలిపి ఫ్లోరైడును తగ్గించే విధానానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరుంది. లీటరుకు 5 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటిని 1 మిల్లీగ్రాముకు దించడానికి ఎంత పటిక కావాలో కనుక్కునే ప్లాను రాయండి. పటిక ద్రవ్యరాశి మారుతుంది. నీటి ఘనపరిమాణం, ఉష్ణోగ్రత, కలిపే వేగం, కలిపే సమయం, తేరుకునే సమయం మారకూడదు. పటిక నీటిని ఆమ్లయుతం చేస్తుంది కనుక సున్నంతో పీహెచ్‌ను ప్రతి బీకరులోనూ ఒకే విలువకు తేవాలి. మిగిలిన ఫ్లోరైడును ఎలా కొలుస్తారు అన్న చోట ఎక్కువ మంది ఆగిపోతారు. తెలిసిన గాఢతల ద్రావణాలతో ఫ్లోరైడు ఎలక్ట్రోడుకు అంశాంకన రేఖ (కాలిబ్రేషన్ కర్వ్) గీసుకొని, దాని నుంచి తెలియని గాఢతను చదవాలి.

పాత ప్రశ్నపత్రాలు సాధన చేసేటప్పుడు మార్కింగ్ స్కీమును ముందు చదవవద్దు. ప్లాను పూర్తిగా చేతితో రాసి, ఇంట్లో ఎవరికైనా ఇచ్చి, వారు అడిగిన ప్రశ్నలను ఎర్ర పెన్నుతో అంచున రాసుకొని, ఆ తరువాత స్కీముతో పోల్చాలి. రెండు జాబితాలూ ఎంత దగ్గరగా ఉంటాయో చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు.

పరీక్షలో 75 నిమిషాలకు 30 మార్కులు, అంటే మార్కుకు రెండున్నర నిమిషాలు. మొదటి ఐదు నిమిషాలు పెన్ను ముట్టకుండా ప్రశ్న మొత్తం చదవండి. ప్లానులో వాడవలసిన పరికరాల పేర్లు, గాఢతలు తరచుగా ప్రశ్నలోనే ఉంటాయి, తరువాతి పేజీలోని పట్టిక తలకట్టు ముందు ప్రశ్నకు జవాబు సూచిస్తుంది. లెక్కకు ఎన్ని సార్థక అంకెలు అడిగారో గీత గీసుకోండి. అడగకపోతే ఇచ్చిన దత్తాంశంలో అతి తక్కువ సార్థక అంకెలున్న విలువను అనుసరించండి. ప్లాను రాయడం అయ్యాక మిగిలిన రెండు నిమిషాలలో దాన్ని పక్కింటి బీకాం అమ్మాయి కళ్లతో ఒకసారి చదివి, ‘ఎంత?’, ‘ఎంతసేపు?’, ‘దేనితో?’ అని ఆమె ఎక్కడ ఆగుతుందో అక్కడ ఒక అంకె, ఒక ప్రమాణం చేర్చండి.